గట్టు లేనిదే గుడిసె లేదు

“కోనసీమలో ఓ ఐదు సెంట్లు కొనుక్కోండి. కొబ్బరి తోట మధ్యలో చిన్న ఇల్లు వేసుకోండి. పైన సోలార్, కింద బోరు, వెనకాల సెప్టిక్ ట్యాంకు. కరెంటు తీగ అక్కర్లేదు, పంచాయతీ కుళాయి అక్కర్లేదు, నెలనెలా బిల్లుల గోల లేదు. ఎవరి మీదా ఆధారపడకుండా హాయిగా బతికేయొచ్చు.”

అపార్టుమెంటు మెయింటెనెన్సు కట్టి కట్టి విసిగిన హైదరాబాదు ఉద్యోగి నోట ఇదే మాట. సంక్రాంతికి అమెరికా నుంచి దిగిన బంధువు నోట ఇదే మాట. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టూ స్థలాలు అమ్మిపెట్టే మధ్యవర్తి అయితే దీన్ని కంఠతా పట్టేశాడు. ఆఫ్‌గ్రిడ్ అని ముద్దుపేరు కూడా పెట్టారు. తీగా గొట్టమూ ఏదీ బయటి నుంచి రాని ఇల్లని అర్థం.

ఈ వాదంలో సత్తా లేదనను. నలుగురికి నాలుగు వేల చదరపు అడుగుల మేడ కట్టి మూడు గదులకు తాళం వేసుకునే మన అలవాటు కన్నా మూడు వందల అడుగుల ఇల్లు ఎంతో నయం. సోలార్ పలకల ధర పదేళ్ళ కిందటి కన్నా బాగా దిగింది. తుపాను వస్తే స్తంభాలు కూలి ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో మగ్గడం మన కళ్ళతో చూసిందే. వేసవిలో పంచాయతీ కుళాయి ఎలా వస్తుందో కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. వీటన్నిటితో విసిగినవాడు “నా ఏర్పాటు నేనే చేసుకుంటాను” అనుకోవడంలో తప్పు లేదు.

నా పేచీ ఇల్లు చిన్నదైనందుకు కాదు. “ఎవరి మీదా ఆధారపడను” అన్న మాటతో. ఆ మాట మరో చోట సగం నిజం కావచ్చు. కోనసీమలో అందులో నిజం పాలు బొత్తిగా లేదు. ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

1. “ఎండకు కొదవేముంది, కరెంటు తీగ ఎందుకు?”

ఎండకు కొదవ లేదు, నిజమే. కానీ మీరు కొన్నది కొబ్బరి తోట. బయట రోహిణి కార్తె మండిపోతున్నా లోపల చల్లగా ఉంటుందనే కదా కొన్నారు! ఆ చల్లదనమే సోలార్‌కు శత్రువు. ఒక పలక మూల మీద మట్ట నీడ పడితే దానితో వరసగా కలిపిన పలకల దిగుబడి కూడా తగ్గుతుంది. పైగా నలభై యాభై అడుగుల ఎత్తు నుంచి కాయ రాలితే పలక అద్దం ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పలకల కోసం చెట్లు కొట్టేస్తే ఎండ వస్తుంది. చెట్లు పోయాక ఇక కోనసీమ ఎందుకు, శంషాబాదు అవతల ప్లాటు చాలు.

నీడ సంగతి అటుంచి లెక్క వేద్దాం. రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, నాలుగు దీపాలు, కాసేపు మోటారు. పొదుపుగా వాడినా రోజుకు మూడు యూనిట్లు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు సూర్యుడు కనబడడు. అంటే తొమ్మిది యూనిట్లు నిల్వ ఉండాలి. ఇళ్ళలో ఇన్వర్టర్లకు వాడే 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో సగానికి మించి తోడితే దాని ఆయుష్షు పడిపోతుంది. ఆ సగం యూనిట్‌లో పదింట తొమ్మిది వంతులు. తొమ్మిది యూనిట్లకు పది బ్యాటరీలు. ఒక్కోటి పదిహేను వేలకు అటూ ఇటూ వేసుకున్నా లక్షన్నర. అయిదేళ్ళు వస్తే గొప్ప. నెలకు పంచితే బ్యాటరీలకే రెండున్నర వేలు. అదే మూడు యూనిట్లు తీగ మీద తీసుకుంటే నెలకు తొంభై యూనిట్లు. ఇప్పటి గృహ శ్లాబుల్లో దాని బిల్లు, పై ఛార్జీలన్నీ కలిపినా, ఆ రెండున్నర వేలలో నాలుగో వంతుకు రాదు. లిథియం బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది, ఒప్పుకుంటాను. దానికి ముందే పెట్టాల్సిన డబ్బూ ఎక్కువే. బిల్లు తప్పించుకున్నామనుకునేవాడు నిజానికి చేసింది బిల్లును ముందుగా, కొన్ని రెట్లు కట్టడం.

ఇంకో చిత్రం చూడండి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా రాయితీ ఉంది. అది తీగకు కలిపిన ఇంటికే వస్తుంది. తీగ వద్దన్నవాడికి రాదు. ఇందులో అన్యాయమేమీ లేదు. మధ్యాహ్నం మీ ఇంట్లో మిగిలిన కరెంటు పక్కింటి మోటారుకు పోవాలి, రాత్రి మీకు కావలసింది ఎక్కడి నుంచో రావాలి. తీగ ఉన్నది ఆ ఇచ్చిపుచ్చుకోడానికే. తీగను తెంచుకున్నవాడి ఇంట్లో మధ్యాహ్నం మిగులు వృథా, రాత్రి కొరత.

2. “పదడుగుల్లో నీళ్ళు పడతాయి, కుళాయి ఎందుకు?”

పడతాయి. ఎందుకు పడతాయో అడగరేం?

కోనసీమకు ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, కింద సముద్రం. ఇక్కడ నేల కింద ఉన్నది పాతాళగంగ కాదు. ఉప్పునీటి మీద తేలుతున్న పల్చటి మంచినీటి పొర. సముద్ర తీరాల్లో భూగర్భజలం వాళ్ళు చెప్పే సూత్రం ఒకటుంది: సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగు తగ్గితే, కాలక్రమాన కింద ఉప్పునీరు సుమారు నలభై అడుగులు పైకి వస్తుంది. అందుకే సఖినేటిపల్లి, మలికిపురం వైపు బోరు ఇంకాస్త లోతుకు దించితే నీళ్ళు పెరగవు, ఉప్పు పెరుగుతుంది. తెలంగాణ రాళ్ళ నేలలో నేర్చుకున్న “ఇంకో వంద అడుగులు దించండి” అన్న తెలివి ఇక్కడ బెడిసికొడుతుంది.

ఆ పల్చటి పొర వానతోనే నిలబడిందా? వాన ఒక పాలు. మిగతా పాలు కాలువల ఊట, వరి చేలల్లో నెలల తరబడి నిలిచే నీళ్ళ ఊట. అంటే మీ బోరులోని తియ్యటి నీరు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మళ్ళి, బొబ్బర్లంక లాకులు దాటి, కాలువలోంచి పిల్ల కాలువలోకి, బోదెలోకి, పక్క రైతు చేలోకి వచ్చి ఇంకిన గోదావరి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడు ఊళ్ళో నూతుల మట్టం ఎలా దిగుతుందో చూస్తే ఈ లింకు ఎవరికైనా తెలుస్తుంది. కుళాయి గొట్టం పైకి కనబడుతుంది కాబట్టి వద్దన్నారు. నేల కింది గొట్టం కనబడదు కాబట్టి స్వావలంబన అన్నారు.

“అయితే వాన నీళ్ళే పట్టుకుంటాం” అంటారు. మంచి ఆలోచన, దానికీ లెక్కుంది. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అంటుంది. ఇద్దరికి 110. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలల పొడి కాలానికి దాదాపు ఇరవై వేల లీటర్లు. అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఏడడుగుల లోతు తొట్టి. మూడు వందల అడుగుల ఇంట్లో మూడో వంతు నీళ్ళకే!

ఉప్పు ముందుకొస్తే ఏమవుతుందో చూడాలంటే శంకరగుప్తం డ్రెయిన్ పక్క ఊళ్ళకు ఒకసారి వెళ్ళి రండి. పోటు మీద సముద్రపు నీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని, తోటల్లో నిలిచి, తలలు రాలిన కొబ్బరి మానులు మొండి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. ఉప్పును తట్టుకుంటుందని పేరున్న కొబ్బరే అలా అయితే మీ ఐదు సెంట్ల బోరు ఎంత? ఉప్పు హద్దు రాళ్ళు చూసి ఆగదు.

3. “మా మురుగు మా స్థలంలోనే ఇంకిపోతుంది”

అదే కదా భయం. ఇంకి ఎక్కడికి పోతుంది?

ఐదు సెంట్లంటే 242 గజాలు. చతురస్రంగా ఉంటే ఒక పక్క 47 అడుగులకు లోపే. ఇంకుడు గుంతకూ తాగే నీటి బోరుకూ మధ్య పదిహేను మీటర్లు, అంటే యాభై అడుగులు ఉండాలని ఇంజనీర్ల సాధారణ సలహా. మీ స్థలంలో ఏ గోడ వెంట కొలిచినా ఆ దూరం దొరకదు. ఐమూలగా ఈ చివర గుంత, ఆ చివర బోరు పెడితే దొరుకుతుంది. పక్క ఐదు సెంట్లవాడూ ఐమూలే పెడతాడు. అప్పుడు వాడి గుంత మీ బోరు పక్కన, మీ గుంత ఇంకో పక్కవాడి బోరు పక్కన పడొచ్చు.

పైగా వానాకాలంలో ఇక్కడ నీటి మట్టం నేలను దాదాపు తాకుతుంది. గుంతలో మురుగు కిందికి ఇంకదు, పక్కలకు పాకుతుంది. కొత్తగా తెచ్చిన ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే నేలలోంచి పడవలా పైకి లేస్తుంది. నిండితే తోడే బండి రావాలి, ఆ బండికి రోడ్డు కావాలి, తోడింది ఎక్కడో పొయ్యాలి. ఇన్ని వెతికాక ఊరితో సంబంధం లేదనడం ఏం మాట?

4. “తేలిక ఇల్లు, ప్రకృతితో కలిసిపోయే ఇల్లు”

ఇక్కడి ప్రకృతికి ఇంకో ముఖం ఉంది. 1996 నవంబరు 6 రాత్రి దాన్ని చూసినవాళ్ళు ఈ మాట అనరు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. తరాలుగా కుటుంబాలను సాకిన కొబ్బరి తోటలు తెల్లారేసరికి నేల మీద పరుచుకుని ఉన్నాయి. కూలిన చెట్టు పడ్డది ఎక్కువగా చెట్ల మధ్య ఉన్న ఇళ్ళ మీదే. తోట నడుమ ఇల్లు అనే అందం ఆ రాత్రి ప్రాణాల మీదికి తెచ్చింది.

ఆంధ్ర తీరంలో కట్టడాలకు భారతీయ ప్రమాణం లెక్కకు తీసుకోమనే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. లారీ మీద తెచ్చి దించిన చెక్క గదికి, రేకుల డబ్బాకు ఆ లెక్క ఎవరు వేశారు? నేలలోకి ఎంత లోతుకు బిగించారు? ఉప్పు గాలికి ఆ మేకులూ బోల్టులూ ఎన్నేళ్ళు ఆగుతాయి? ఏడాదిలో పది నెలలు తాళం వేసి ఉండే చెక్క ఇంట్లో మొదట కాపురం పెట్టేది చెద.

మన పాత వాళ్ళు తేలిక ఇల్లు ఎరగనివాళ్ళు కాదు. తాటాకిల్లు కట్టారు, ఎగిరిపోతే మళ్ళీ వేసుకోవచ్చని తెలిసి కట్టారు. దాని పక్కనే ఊరి మెరక మీద, ఎత్తు అరుగులతో, మండువా లోగిళ్ళు కట్టారు. గాలివాన ముంచుకొస్తే తాటాకింటి వాళ్ళు ఆ అరుగుల మీదకి చేరేవాళ్ళు. ఇప్పుడు తుపాను షెల్టరుకో బడికో చేరతారు. ఎక్కడికి చేరినా అది పదిమందిదే. తేలిక ఇల్లు బతికింది పక్కన బరువైన ఇల్లు ఉండబట్టే. మరి మీ చెక్క గదిలో ఉన్నవాళ్ళు ఆ రాత్రి ఎక్కడికి పోతారు? గ్రామ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి జనాన్ని తరలించేటప్పుడు, ఊరికి దూరంగా, ఏ జాబితాలోనూ లేని మీ ఇంటికి ఎవరు రావాలి? ఎవరో వస్తారు లెండి. మన ఊళ్ళు అలాంటివి. వచ్చేవాడు మాత్రం తన ప్రాణం పణంగా పెట్టి వస్తాడు.

5. “నా స్థలం, నా ఇష్టం”

స్థలం మీది. నీటి దారి మీది కాదు.

పల్లపు చేను కొని, నాలుగడుగులు మట్టి తోలి మెరక చేసి, చుట్టూ గోడ కట్టారనుకోండి. నిన్నటిదాకా ఆ చేను మీదుగా బోదెలోకి, బోదె నుంచి మురుగు కాలువలోకి దిగిన నీళ్ళు ఇప్పుడు ఎక్కడికి పోతాయి? పక్క రైతు వరి చేలో నిలుస్తాయి. ఇక్కడ రైతుకు సాగునీటి కన్నా మురుగు దిగడమే పెద్ద చిక్కు. గుర్రపుడెక్క పట్టి, పూడిక పేరుకుని డ్రెయిన్లు ఇప్పటికే లాగడం లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన రోజున గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు బాధ కూడా వాళ్ళ నోట ఉంది. అలాంటి నేలలో ఒక్కో మెరక ప్లాటూ నీటికి అడ్డుపెట్టిన చెయ్యి.

చట్టం సంగతి కూడా విక్రేత చెప్పడు. ఊళ్ళో ఏ ఇంటికైనా 1994 పంచాయతీరాజ్ చట్టం కింద పంచాయతీ అనుమతి కావాలి. చిన్న ఇల్లని మినహాయింపు దొరకదు. చేను ఇంటి స్థలంగా మారడానికి 2006లో చట్టమే చేశారు, తర్వాత దాన్ని రద్దు చేశారు. నిబంధనలు మారుతూ ఉంటాయి గానీ “చేలో ఏదైనా కట్టుకోవచ్చు” అన్న రోజు మాత్రం లేదు. సముద్రం, ఉప్పుటేర్ల దగ్గరైతే 1991 నుంచి తీర నియంత్రణ నిబంధనలున్నాయి. ఇక “ఏటి ఒడ్డున చవగ్గా ఉంది” అని చూపించే లంక భూమి చాలాచోట్ల ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి. దాని అమ్మకాల మీద 1977 చట్టం కత్తి వేలాడుతోంది. చవక ఎందుకైందో అడక్కుండా కొన్నవాడు ఏటి కోతకు ఒక పక్క, రెవెన్యూ నోటీసుకు మరో పక్క కాపలా కాయాలి.

6. “ఎవరి మీదా ఆధారపడను”

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కొమ్మలు. వేరు ఇది.

కోనసీమ దానంతటది పచ్చగా ఉన్న నేల కాదు, పచ్చగా ఉంచిన నేల. 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్టకు ముందు ఇదే గోదావరి ప్రాంతం కరవుకూ వరదకూ మధ్య నలిగి జనాన్ని పోగొట్టుకుంది. రాజోలు దీవికి నీరు వైనతేయ మీదుగా, గన్నవరం దగ్గర 1850లలో కట్టిన అక్విడక్టు ఎక్కి వచ్చింది. ఏరు మీద ఇంకో ఏరును నడిపించారు! ఇంత చేస్తే గానీ ఆ దీవిలో చేను పండలేదు, చెరువు నిండలేదు. నీటిపారుదల శాఖ కోనసీమను పిలిచే పేరే మధ్య డెల్టా. ఆనకట్ట, లాకులు, కాలువలు, డ్రెయిన్లు, స్లూయిస్‌లు, ఏటిగట్లు, వీటన్నిటి మొత్తానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు కోనసీమ. ఇంతకు మించిన గ్రిడ్ ఎక్కడుంది? గ్రిడ్ నడిబొడ్డున కూచుని ఆఫ్‌గ్రిడ్ అనడం, పడవలో కూచుని నాకు ఏటితో పని లేదనడం లాంటిది.

గట్టు సంగతి ఒక్కటి చూడండి. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో వచ్చింది 35 లక్షలు. 2006లో 28 లక్షలు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 1986లో, 2006లో గట్లు తెగాయి. గట్టుకు అవతల లంకల్లో ఉన్నవాళ్ళకు ఏటా ఏ మాత్రం వరద వచ్చినా కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, బూరుగులంక రేవులో తాత్కాలిక బాట కొట్టుకుపోతుంది, పాలకూ మందులకూ బడికీ పడవే దిక్కు. గట్టుకు ఇవతల ఉన్న మీ ఐదు సెంట్లకూ ఆ లంకకూ ఉన్న తేడా అల్లా ఆ మట్టి కట్టే. దానికి మీరు బిల్లు కట్టడం లేదు కాబట్టి అది లేదనుకుంటున్నారు.

ఈ కలకు ఆదిపురుషుడిగా చెప్పుకునే అమెరికా రచయిత థోరో సంగతి కూడా చూద్దాం. 1845లో వాల్డెన్ చెరువు పక్కన పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు గది కట్టుకున్నాడు. స్థలం ఆయనది కాదు, స్నేహితుడు ఎమర్సన్‌ది. అక్కడి నుంచి ఊళ్ళోకి నడిచి వెళ్ళి వస్తూనే ఉన్నాడు. రెండేళ్ళ రెండు నెలలకు తిరిగి ఊరు చేరాడు. ఆయన ఆ గదిని ఒక ప్రయోగమన్నాడు. మనవాళ్ళు దాన్ని రియల్ ఎస్టేట్ చేశారు.

“మన దగ్గరే టింబక్టు లేదా?” అనొచ్చు. ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో ముప్ఫై రెండు ఎకరాల బంజరులో మొదలై, సోలార్ మీద నడిచిన చోటు. కానీ ఆ పేరు పూర్తిగా చదవండి, టింబక్టు కలెక్టివ్. అక్కడ ఎండా, మెట్ట నేలా ఉన్నాయి, వాటికి మించి చుట్టుపక్కల ఊళ్ళ జనంతో కట్టుకున్న సంఘాలున్నాయి. అది ఒంటరి ఇల్లు కాదు, ఊళ్ళను కలుపుకున్న ఇల్లు. దాన్ని ఉదాహరణగా తెచ్చేవాడు తన వాదాన్ని తనే ఓడించుకుంటున్నాడు.

7. మరి ఏం చెయ్యాలి?

కోనసీమకు రావద్దని నేననడం లేదు. వలసలతో తాళాలు పడ్డ వీధులు మనుషుల కోసం చూస్తున్నాయి. రండి. చిన్న ఇల్లే కట్టుకోండి. తోట మధ్యలో కాదు, ఊళ్ళో, మెరక మీద, చెట్టు పడ్డా తాకనంత దూరంలో కట్టుకోండి. చేను చేనుగానే ఉండనివ్వండి. కనీసం ఒక గదికి సిమెంటు శ్లాబు వేయండి, తుపాను రాత్రి మీతో పాటు ఇంకో పదిమంది అందులో తలదాచుకుంటారు. తీగ తీసుకోండి, సోలార్‌ను తీగకు కలపండి. కరెంటు పోయినప్పుడు తీగకు కలిపిన సోలార్ కూడా ఆగిపోతుంది, స్తంభం మీద ఉన్న లైన్‌మన్ ప్రాణం కోసం అలా పెట్టారు. అందుకని దీపాలకూ ఫోన్లకూ సరిపడా ఒకటి రెండు బ్యాటరీలు పెట్టుకోండి, అది నిజంగా అక్కరకొస్తుంది. వాన నీటి తొట్టి కట్టండి, బోరును పొదుపుగా వాడండి. పంచాయతీకి ఇంటి పన్ను కట్టండి, కుళాయి సరిగ్గా రాకపోతే గ్రామసభలో నిలదీయండి. వ్యవస్థ బాగోలేదని దాన్నుంచి తప్పుకునే స్తోమత మీకుంది. మీ పక్కింటి కొబ్బరి దింపు కార్మికుడికి లేదు. అడగగలిగినవాళ్ళంతా బ్యాటరీలు కొనుక్కుని తప్పుకుంటే ఇక అడిగేవాడెవడు? కుళాయి బాగుపడదు, డ్రెయిన్ పూడిక తియ్యరు, ఉప్పు ఇంకో పొలం ముందుకొస్తుంది. అది చివరికి మీ బోరులోకే వస్తుంది.

వరద రాత్రి ఏటిగట్టు మీద ఎవరుంటారో ఎప్పుడైనా చూశారా? గొడుగులూ టార్చిలైట్లూ పట్టుకుని ఊరి మగవాళ్ళుంటారు. గట్టు ఎక్కడ ఊరుతోందో, ఎక్కడ ఎలుక బొరియలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయో వెతుకుతూ, ఇసుక బస్తాలు మోస్తూ తెల్లారేదాకా కాపలా కాస్తారు. వాళ్ళు కాస్తున్నది వాళ్ళ ఇళ్ళనే కాదు, తోటలో సోలార్ దీపం కింద నిద్రపోతున్న మీ ఇంటిని కూడా. కోనసీమలో ఇల్లు ఎంత చిన్నదైనా కట్టుకోవచ్చు. ఆ బస్తా మోసే వంతు మాత్రం చిన్న ఇంటికీ ఉంది. అది మొయ్యను, ఎవరి మీదా ఆధారపడను అనేవాళ్ళకు అమ్మడానికి ఇక్కడ ఐదు సెంట్లు కాదు, అర సెంటు కూడా లేదు.